ఎనిమిదో రీలు

"బేటా, గుర్రాల సినిమా గీడనేనా?"

నరేశ్ తలెత్తి చూశాడు. సెల్ ఫోన్ల దుకాణం మెట్టు మీద ఒక ముసలాయన. భుజాన గళ్ల తువ్వాలు, ముక్కు మీద మందపాటి కళ్లద్దాలు.

"సెల్లు బాగు చేయాల్నా చాచా?"

"సెల్లు కాదు. ఆ నల్లతెల్ల కౌబాయ్ బొమ్మ డిస్కు వచ్చింది, ఇయ్యాల చూసి ఎట్లుందో చెప్త అన్నవంట. మా మనుమరాలు ఫోన్ల విన్నది."

తొర్రూరు బస్టాండు పక్కన ఆ దుకాణమే నరేశ్‌కు బతుకుదెరువు. పాడైన రీళ్లను బాగుచేసి వేసిన పాత సినిమాల డిస్కులు తెప్పించి, బొమ్మ ఎంత తేటగా ఉందో, మాట ఎంత సాఫుగా ఉందో ఫోన్‌లో వీడియో తీసి చెప్పడం అతని సరదా. అయిదు స్టార్లకు ఎన్ని ఇస్తాడా అని ఇరవై వేలమంది ఎదురుచూస్తారు.

"చూద్దువు గానీ, నీకు ఇంగ్లీషు వస్తదా?"

"గుర్రాలకు ఇంగ్లీషెందుకు?"

నరేశ్ నవ్వి స్టూలు జరిపాడు.

"ఒక్కటే అడుగుత బేటా. ఆఖరి దాక నడిపియ్యి. షుగరు కండ్లకు ఎక్కింది. ఒకటి పోయింది. రెండోది ఎన్నొద్దులుంటదో డాక్టరుకే తెల్వదు. అది ఉన్నప్పుడే ఈ బొమ్మ ఆఖరు చూడాలె."

"సరే తీ."

టీవీలో బొమ్మ మొదలైంది. ఎడారి, దుమ్ము, టోపీలు. గుర్రం మెడ మీద చెమట కూడా మెరుస్తోంది. నరేశ్ ఫోన్ ఎదురుగా పెట్టుకుని పొగడ్తలు మొదలుపెట్టాడు.

ముసలాయన మాత్రం కాసేపటికోసారి ఒక్కో వేలు ముడుస్తున్నాడు.

"ఏంది చాచా, వేళ్ల మీద ఏం లెక్కవెడ్తున్నవ్?"

"మూలకు చుక్క మెరుస్తుంది సూడు. రీలు మారుతున్నట్టు. ముప్పై ఏండ్లు గుడారం సినిమాల మిషిను నడిపిన."

"అబ్బో! మరి నాతోని కలిసి స్టార్లు ఎయ్యి."

ఏడు వేళ్లు ముడిచాక ఆయన స్టూలు అంచుకు జరిగాడు.

"ఇగ ఎనిమిదో రీలు."

అంతే, బొమ్మ చెడింది. నిలువునా గీతలు. అంచుల వెంట నీటి మరకలు. పది నిమిషాలు అదే వరస. మండుటెండలో పరుగెత్తే గుర్రాలు వానలో తడుస్తున్నట్టే ఉన్నాయి.

నరేశ్ ఉత్సాహంగా ఫోన్ దగ్గరికి వంగాడు.

"చూసిండ్రా అన్నలూ! గీ రీలు ఎవడు దాసిండో గానీ బర్ల కొట్టంల దాసిండు. బర్రె నాకంగ మిగిలింది మనకు పంపిండు! ఒక స్టారు కట్. కాదు కాదు, రెండు కట్!"

ముసలాయన కళ్లద్దాలు తీసి తువ్వాలుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

మెల్లగా అన్నాడు.

"వాన ఇంట్లకొస్తే ఏం జేస్తడు బేటా."

"గిసొంటోళ్లకు వస్తువు ఇలువ తెల్వది చాచా. గంతే."

ఆయన టీవీ వైపు ఇంకాస్త వంగాడు.

కథ అయిపోయిందన్న అక్షరాలు పడ్డాయి. నరేశ్ రిమోట్ అందుకున్నాడు.

"జర ఆగు. ఇంక ఉన్నది."

"ఇగ ఏముంటది? అన్ని పేర్లే. బొమ్మను కడిగినోళ్లు, తుడిసినోళ్లు. ఎవడు సూస్తడు?"

"మేం గూడ గట్లనే ఆపేటోళ్లం, జనం లేస్తరని. గియ్యాల ఒక్కసారి..."

ఇంతలో గిరాకీ వచ్చింది. నరేశ్ టీవీ కట్టేశాడు.

"మల్లొకపారి రా చాచా. సూపిస్త."

ముసలాయన తువ్వాలు దులుపుకుని, గోడ తడుముకుంటూ మెట్టు దిగిపోయాడు.

మూడు స్టార్ల వీడియో బాగా నడిచింది. బర్రె మాటకు జనం పడీపడీ నవ్వారు.

రెండు నెలలకు ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది.

"అన్నా, నేను సనా. మా దాదా ఇబ్రహీం మీ దగ్గర గుర్రాల సినిమా చూసిండు."

"ఆ చాచానా! మల్ల రమ్మంటే రానే లేదు?"

"రెండో కన్ను గూడ పోయిందన్నా."

నరేశ్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. మల్లొకపారి అన్నది తన నోటితోనే.

"ఇగ చూసుడు ఎట్లాగూ లేదు. ఆఖరికి పేర్లు వస్తయంట గదా, ఎవరన్న సదివి వినిపిస్తే సాలంటుండు. డిస్కు ఇస్తరా?"

"ఇచ్చుడు కాదమ్మా. నేనే వస్త."

రెండు గదుల ఇల్లు. గోడ మీద నడుమెత్తున పాత నీటి చార. మంచం కింద తుప్పు పట్టిన గుండ్రటి రీలు డబ్బా, ఖాళీగా.

నరేశ్ చూపు అటే ఉండడం చూసి సనా నవ్వింది.

"ఒక ఏడాది పెద్దవానకు నీళ్లు లోపటికొస్తే మా దాదా ముందుగాల గా డబ్బానే నెత్తికెత్తుకుండంట. దాదీ నెల రోజులు మాట్లాడలే."

"వచ్చినవా బేటా!" ముసలాయన గొంతు వినబడిన దిక్కుకు తిరిగాడు. "జర సాఫుగ సదువు. గిరాకీ లేదు గద?"

"లేదు చాచా."

ప్లేయరును వాళ్ల టీవీకి తగిలించి, నరేశ్ బొమ్మను చివరికి జరిపాడు. పేర్లు కదిలాయి. ఏనాడూ వినని ఊళ్లు, నోరు తిరగని పేర్లు. ఒక్కటి వదలకుండా చదివాడు. ప్రతి పేరుకూ ముసలాయన ఎదురుపడ్డ మనిషికి సలాం చేసినట్టు తల వంచాడు.

ఒక చోట నరేశ్ ఆగిపోయాడు.

"ఏంది బేటా, కరెంటు పోయిందా?"

"లేదు చాచా."

ఆ ఆఖరి వరుసను తెలుగులో గట్టిగా చదివాడు.

"లోకంలో ఇంకెక్కడా దొరకని ఎనిమిదో రీలును కాపాడి ఇచ్చినవారు: షేక్ ఇబ్రహీం, గుడారం సినిమా ఆపరేటరు, తొర్రూరు."