స్విచ్ వేసే ముందు

నరసన్నపేటలో ఆ రాత్రి తన గేమ్ షాపు షట్టర్ దించుకుని, హరిబాబు నిలువెత్తు పాత వీడియో గేమ్ పెట్టె వెనక కూర్చుని కొత్త వైర్లు కలిపాడు. బోర్డుకు కనెక్టర్ తొడిగి, స్విచ్ మీద చెయ్యి వేశాడు.

పెట్టె ముందువైపు ఎవరో బటన్ టకటకా నొక్కారు.

షాపులో ఇంకెవరూ లేరు. వెనకనున్న హరిబాబుకు ‘ఆగు’ అని చెప్పాలంటే బావ అప్పలసూరి అలాగే నొక్కేవాడు. బావ పోయి ఏడాదైంది.

టార్చి వేసి బోర్డు చూశాడు. కనెక్టర్ తలకిందులుగా ఉంది. స్విచ్ వేసుంటే, బావ మిగిల్చిన ఒక్క బోర్డూ మాడిపోయేది.

హమ్మయ్య అనుకుని తిప్పి పెట్టాడు. స్విచ్ వేస్తే గేమ్ పాట మోగింది.

“బతికించీసినావు బావా! కూకో, ఓ ఆట ఆడేద్దాం,” అన్నాడు నవ్వుతూ.

అతను ముందుకొచ్చేసరికి ఇద్దరి ఆట మొదలైపోయింది. తెర మీద ఎప్పుడూ బావ ఆడే రెండోవాడు పోరాడుతున్నాడు. మొదటివాడు కదలకుండా హరిబాబు కోసం నిలబడి ఉన్నాడు.