పొమ్మని మోగిన గంట

"ఆపకు పెద్దాయనా, లాగు! ఊరంతా గుట్టమీదికి పోవాలి," అన్నారు పాస్టరుగారు. ఏటిగట్టు తెగిందని కబురు. నేను చర్చి గంట తాడు లాగుతూనే ఉన్నాను.

తలుపు తోసుకుని నా కోడలు వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో బైబిలు. వెనకాల వీధి వీధంతా.

"ఇక్కడికెందుకొచ్చావమ్మా? గుట్టమీదికి పొమ్మని కదా కొడుతున్నది!"

"అదేంటి మామయ్యా? ఈ గంట ఎప్పుడైనా పొమ్మందా? రమ్మనే కదా పిలుస్తుంది. వాన ఆగాలని ప్రార్థన పెట్టారనుకున్నాం."

పాస్టరుగారు గుమ్మంలోకెళ్లి చూశారు. వీళ్లొచ్చిన దారి అప్పుడే మునిగిపోయింది.

"పిల్లల్ని బల్లలెక్కించండి," అన్నారు చివరికి.

నేను తాడు వదిలేశాను. ఊపుమీదున్న గంట ఆగలేదు.

అది విని, పాలమ్మే ముసలమ్మ నడుంలోతు నీళ్లలో వస్తోంది.

"వచ్చేస్తున్నా! నేను రాకుండా పాట ఎత్తుకోకండి!"