ఒక అడుగు ఎక్కువ

ఓ పాత కంప్యూటర్ ఆటను, టీవీకి తగిలించే పాతకాలపు వీడియో గేమ్‌లో ఆడేలా తిరగరాస్తానన్నాను. ముక్కూ మొహం తెలియని మూడొందల మంది చందాలేసుకుని డబ్బు పంపారు. ఆట తయారుచేసినాయన ఎప్పుడో పోయాడు. ఆయన భార్య అనుమతిస్తూ ఒకటే మాట అంది.

"చప్పుళ్ల జోలికి మాత్రం వెళ్లకు నాయనా."

వెళ్లాను. ఆట ఎక్కించే క్యాసెట్‌లో చోటు చాల్లేదు మరి! ఆటలో మనిషి నడిచి ఆగాక ఇంకో అడుగు చప్పుడు వినిపించేది. ఆయన పొరపాటేలే అనుకుని పీకేశాను.

ఈ రాత్రి పని ముగించి ఆవిడకు ఫోన్ చేశాను.

"అయిపోయిందమ్మా. ఆ ఎక్కువ అడుగొక్కటే తీసేశాను."



"అది మా ఇంట్లో వినపడేది నాయనా. ఆయన దాన్ని ఆటలో పెట్టాకే ఆగింది. నువ్వు ఒక్కడివే ఉన్నావా?"

"ఒక్కణ్ణే."

"అయితే లేచి నడవకు."

పెద్దావిడ చాదస్తం అనుకుని ఫోన్ పెట్టేశాను. కానీ తలుపు గడియ వేశానో లేదో గుర్తురాలేదు. లేచి, అడుగులు లెక్కపెట్టుకుంటూ తలుపు దాకా వెళ్లాను. తొమ్మిది. ఆగాను.

గడియ వేసే ఉంది.

పదో అడుగు నా వెనక, గదిలో పడింది.

దాన్ని తిరిగి ఆటలో పెట్టెయ్యాలి. కంప్యూటర్ అక్కడే, నేను లేచొచ్చిన కుర్చీ ముందే ఉంది. అక్కడికి తొమ్మిది అడుగులు.

నేనింకా తలుపు వైపే తిరిగి నిలబడి ఉన్నాను.