చురుకు పట్టీ ఊడిన పూట

మిరపకోతకు పోయే ఆడవాళ్ళందరి మెడ వెనకా మేస్త్రి పొద్దున్నే పాతది పీకి కొత్త చురుకు పట్టీ అంటిస్తాడు. అది ఉన్నంతసేపూ అలుపూ ఆకలీ తెలియవు; రాత్రి గుర్తుంటే రెండు ముద్దలు మింగుతారు. అయినా ఉత్త చేతులతో చేలోకి పోతే అరిష్టమని అందరూ ఇంకా అన్నం క్యారేజీలు మోసుకుపోతూనే ఉంటారు. మధ్యాహ్నం గట్టు మీద వాటిని బోర్లిస్తే కుక్కలొచ్చి తింటాయి. ఊళ్ళో ఒంటి మీద కండ ఉన్నవి ఆ కుక్కలే.

ఆరోజు సలోమి పట్టీ చెమటకు ఊడి చెట్లలో ఎక్కడో పడిపోయింది. కాసేపటికి కాళ్ళు లాగాయి, కళ్ళు తిరిగాయి, పేగులు మెలిపెట్టాయి. సాలు మధ్యలో కూలబడి ఏడుపందుకుంది.

"దీనమ్మత్తా, కడుపులో ఏందో రోగమొచ్చింది. సచ్చిపోతానేమో!"

పక్క సాలులో ఉన్న దీనమ్మ, నలభై ఏళ్ళ ముసలిది, ఆమె పొట్ట తడిమి బోసినోటితో నవ్వింది. "రోగం కాదే పిచ్చిదానా, ఆకలి. మా చిన్నప్పుడు రోజూ అయ్యేది. పోయి తిను."

సలోమి గట్టెక్కి క్యారేజీ తెరిచింది. ఇన్నేళ్ళూ కుక్కల కోసమే కలిపిన పచ్చడన్నం కమ్మగా వాసనేసింది. ఆబగా ముద్ద పెట్టుకుని నమిలింది. రాయి తగిలినట్టయి ఉమ్మి చూస్తే, తన పన్నే. పాతికేళ్ళైనా నిండని మనిషి పన్ను.

తమ కూడు ముట్టినందుకు కుక్కలు గుర్రుమన్నాయి. అంతలో మేస్త్రి కొత్త పట్టీతో వచ్చాడు.

"కుక్కల కూడు నీకెందుకమ్మే? అక్కడ సాలు ఆగిపోయింది."

సలోమి మెడ వంచింది. పట్టీ అంటుకున్న కాసేపటికే అన్నంలో కమ్మదనం పోయింది. ఆమె క్యారేజీ బోర్లించి సాలులోకి దిగింది.