ఏటా ఆఖరివాడు

"మళ్లీ పావ్లిట్స్కీ గారే! ఈ ఏడూ ఆఖరు ఆయనే!"

బార్ నడిపే ఆనెగ్రెట్ చీటీలన్నీ సరిచూసి ఆ మాట అనగానే నవ్వులతో బల్లలు దద్దరిల్లాయి.

అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఫోల్కర్.

నవ్వడా మరి! ఆఖరు నుంచి రెండోవాడు తనే. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

బొగ్గు గనులు మూతపడ్డ ఆ పట్నంలో ఆగస్టు వచ్చిందంటే బార్‌లో అందరిదీ ఒకటే పని. జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగా మొదలయ్యేలోపు ఏ జట్టు ఏ స్థానంలో తేలుతుందో పై నుంచి కింది దాకా చీటీ మీద రాసి, ఆనెగ్రెట్ చేతికివ్వాలి. ఆవిడ వాటిని జాడీలో దాస్తుంది. మే నెలలో లీగ్ ముగిశాక జాడీ తెరుస్తుంది.

గెలిచినవాడికి దక్కేది ఒక గ్లాసు బీరు.

ఓడినవాడికి మాత్రం ఏడాది పొడుగునా శిక్ష. బార్ వాళ్లకు సొంత జట్టొకటి ఉంది. అది ఆదివారాలు ఆడుతుంది. ఓడినవాడు ఆ పొద్దున్నే వెళ్లి, సున్నం బండి తోసుకుంటూ మైదానమంతా గీతలు వేయాలి. వానొచ్చినా మంచు పడినా మినహాయింపు లేదు.

ఫోల్కర్‌కు ఆ బండి అంటే హడల్.

అతని భార్య జిగ్రిడ్ మతిమరుపు జబ్బుతో, నర్సులు చూసుకునే ఆశ్రమంలో ఉంది. పొద్దున పూట మాత్రం మనుషుల్ని గుర్తుపడుతుంది. మధ్యాహ్నం దాటిందంటే మొగుణ్ని కూడా "మీరెవరండీ?" అని అడుగుతుంది. ఫోల్కర్‌ది ట్రాము నడిపే ఉద్యోగం. పొద్దున ఖాళీ దొరికేది ఒక్క ఆదివారమే.

ఈ సంగతి బార్‌లో నోరు విప్పి చెప్పలేదు. జాలి చూపులంటే అతనికి ఒళ్లు మంట.

పోనీ చీటీ అయినా జాగ్రత్తగా రాస్తాడా అంటే, అదీ లేదు. కలం పట్టుకోగానే మనసు అడ్డం పడేది. లీగ్‌లో తను అభిమానించే జట్టును అన్నిటికంటే పైన పెట్టకుండా ఉండలేడు. ఆ జట్టేమో ఏటా అడుగున కొట్టుకునేది.

అందుకే ఒకసారి బండి అతని నెత్తిన పడింది. ఆ ఏడాదంతా జిగ్రిడ్ అతణ్ని పేరు పెట్టి పిలవలేదు.

ఆ మరుసటి ఆగస్టులోనే ఊరికి కొత్తగా వచ్చిన ముసలాయన పావ్లిట్స్కీ చీటీ వేశాడు. అప్పటి నుంచీ ఆఖరి స్థానం ఆయనదే.

"పెద్దాయనా, మీరు టీవీలో చూసేది ఫుట్‌బాలేనా, గుర్రప్పందేలా?" అన్నాడు రూడిగర్. బార్‌లో అందరినీ ఆటపట్టించేది అతనే.

"ఛాంపియన్లను తీసుకెళ్లి అట్టడుగున పెట్టారు!" ఫోల్కర్ అందుకున్నాడు. "మా అమ్మమ్మ సమాధిలోంచి లేచొచ్చినా ఇంతకంటే బాగా రాస్తుంది!"

పావ్లిట్స్కీ గారు నవ్వారు.

"అయితే బండి నాదేగా?"

"మీదే, మీదే! ఎవరూ లాక్కోరులెండి!"

ఈ వెర్రిబాగులవాడు ఉన్నన్నాళ్లూ నా ఆదివారాలకు ఢోకా లేదు అనుకున్నాడు ఫోల్కర్.

ఆ మరుసటి మార్చిలో పావ్లిట్స్కీ గారు నిద్రలోనే పోయారు.

అంత్యక్రియలయ్యాక అందరూ బార్‌కే వచ్చారు. ఆనెగ్రెట్ కాఫీ, కేకు పెట్టింది.

"ఫోల్కర్, ఇక బండి నీదేరోయ్," అన్నాడు రూడిగర్ కేకు నములుతూ. "ఆఖరివాడు పోతే ఆ పైవాడే కదా."

ఇక ఆదివారం పొద్దున జిగ్రిడ్ దగ్గరికి వెళ్లడం కుదరదని ఫోల్కర్‌కు అర్థమైంది. పోయిన మనిషి మీద కోపం కూడా వచ్చింది. సీజన్ అయ్యేదాకా ఆగకూడదూ ఈయన!

అప్పుడు తలుపు తీసుకుని నల్ల కోటు మనిషొకడు లోపలికొచ్చాడు. ఇందాక సమాధి మీద పెద్ద పూలచక్రం పెట్టినవాడే. లీగ్‌లో ఆడే ఒక పెద్ద జట్టు పేరు చెప్పి, అక్కణ్నుంచి వచ్చానన్నాడు.

"పావ్లిట్స్కీ గారు మీకెలా తెలుసు?" అడిగింది ఆనెగ్రెట్. "ఊళ్లు తిరిగే ఉద్యోగం చేశాననేవారు. సబ్బులో, బ్రష్షులో అమ్మేవారేమో అనుకున్నాం."

"ఊళ్లు తిరిగింది ఆటగాళ్ల కోసమండీ. ముప్పై ఏళ్లు మాకు ఆటగాళ్లను వెతికిపెట్టింది ఆయనే. ఏ జట్టు లేస్తుందో, ఏది పడుతుందో సీజన్ మొదలవకముందే చెప్పేసేవారు. ఆయన మాట వినకుండా మేం ఒక్కణ్ని కూడా కొనలేదు."

రూడిగర్ పగలబడి నవ్వాడు. "ఆయనా! మా దగ్గర ఏటా ఆఖరే!"

వచ్చినాయన నవ్వలేదు.

"ఆఖరు రావాలని పట్టుబట్టి కూర్చుంటే తప్ప ఆయన ఆఖరు రారండీ."

 రూడిగర్ చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది.

ఆనెగ్రెట్ ఫోల్కర్ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు చెప్పకపోయినా జిగ్రిడ్ సంగతి నాకు ఆశ్రమం నర్సమ్మ చెప్పింది. ఆ ఏడు నువ్వు బండి తోస్తుంటే చూడలేక నేను పావ్లిట్స్కీ గారి దగ్గర నోరు జారాను."

"అయితే?"

"ఏటా జాడీ మూసేముందు నీ చీటీ ఒక్కసారి చూపించమని బతిమాలేవారు. పాపం నీ దగ్గర కాపీ కొడుతున్నారనుకుని చూపించేదాన్నిరా. నీకంటే కిందికి ఎలా పోవాలా అని చూసుకుంటున్నారని నాకేం తెలుసు!"