ఆర్డిస్ ఇంట్లో చెదపురుగు

"ఈ ఇంటికి చెద పట్టిందమ్మా," అన్నాను, ఇల్లు కొందామని చూడ్డానికొచ్చిన కొత్త జంటతో. "పైగా పక్కింటి ముసలాడు మహా జగడాలమారి."

ఆ ముసలాణ్ణి నేనే.

ఇలా తలుపులు తెరిచి అందరికీ చూపించే పూట ఇంటివాళ్ళు ఉండకూడదు. అందుకని ఇంటావిడ ఆర్డిస్ తన చెల్లెలింటికి వెళ్ళిందనుకున్నాం. ఇల్లు కమ్మగా వాసన రావాలని ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు కెండ్రా వంటింట్లో బిస్కెట్లు కాలుస్తోంది.

"చెద ఎక్కడ తాతా?" అంది ఆ కొత్త పెళ్ళికూతురు.

"ఇదిగో," అంటూ పడగ్గది అల్మారా తలుపు లాగాను.

లోపల కోట్ల మధ్య ఆర్డిస్ కూర్చుని బిస్కెట్ తింటోంది. తన ఇంటి గురించి జనం ఏమంటారో వినాలని దాక్కుందట!

"ఆ చెదపురుగుని నేనేనమ్మా," అంది.

కొత్త జంట మళ్ళీ కనిపిస్తే ఒట్టు.

"నా బేరం చెడగొట్టావు. నీకేం పోయేకాలమొచ్చింది, ఆర్విల్?" అని ఆర్డిస్ నా మీద విరుచుకుపడింది.

"నువ్వు ఇల్లమ్మేసి వెళ్ళిపోతే, పొద్దున్నే కంచె దగ్గర నేనెవరితో పోట్లాడను?"

ఆమె నమలడం ఆపేసింది. "ఆ మాట ఇంటికొచ్చి చెప్పొచ్చుగా?"

"ఎప్పుడు రమ్మన్నావు? ఇవాళేగా 'అందరూ రండి' అని బోర్డు పెట్టావు!"

కెండ్రా గుమ్మంలోకొచ్చి, "ఈ పూటంతా దండగైపోయింది," అని నిట్టూర్చింది.

"దండగ నీకే, నాక్కాదు," అంది ఆర్డిస్, నాకో బిస్కెట్ అందిస్తూ. "ఇల్లు అమ్మను గానీ, ఆ బోర్డు మాత్రం పీక్కెళ్ళకమ్మా. ఈయనకి బోర్డు లేందే లోపలికి రావడం తెలీదు."