తలుపు వెనక గొంతు

"మీ ఆటలో అమ్మ పలకడం లేదు బాబూ."

ప్రోగ్రామర్ విసుగ్గా తలెత్తాడు. మెడకు శాలువా చుట్టుకున్న ఒకావిడ బల్ల పక్కన నిలబడి ఉంది. గొంతు బొంగురుపోయి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"తెలుసండీ. నమూనా ఆడి చూసినవాళ్ళంతా అదే తిడుతున్నారు."

ఆ వీడియో గేమ్‌లో తప్పిపోయిన పిల్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చి తలుపు కొడుతుంది. కాసేపాగి లోపలినుంచి అమ్మ పలకాలి. ఆ తర్వాత తలుపు తెరుచుకోవాలి.

ఆ 'కాసేపాగి' దగ్గరే వచ్చింది చిక్కంతా. ఒక్కోసారి పలుకుతుంది. చాలాసార్లు పలకదు. ఆట అక్కడే ఆగిపోతుంది.

సాయంత్రానికి సరిచేయకపోతే ఆఫీసుకు తాళమేనని మేనేజర్ పొద్దున్నే చెప్పి వెళ్ళింది.

"ఆ మాట ఒక్కసారి వినిపిస్తావా? విని వెళ్ళిపోతాను."

"మీ ఇంట్లో పిల్లలు పంపించారా మిమ్మల్ని?"

"కాదు నాయనా, ఆ ఆటకి నేనే..."

"అమ్మా, మీకు దణ్ణం పెడతాను! ఇక్కడ నా పీకల మీదికొచ్చింది. తర్వాత రండి."

ఆవిడ ఏదో అనబోయి, తలూపి వెళ్ళిపోయింది.

అతను ఆగే సమయం పెంచాడు. తగ్గించాడు. లాభం లేదు.

"అయిందా?" మేనేజర్ మళ్ళీ వచ్చింది.

"నా వల్ల కావట్లేదు మేడమ్."

ఆమె తనే ఆడి చూడబోయింది. తెరమీద పిల్ల తలుపు కొట్టి, నిలవలేక గుమ్మం దిగి కిటికీ వైపు నడిచింది.

"ఆగండాగండి!"

పలకమనే ఆదేశాన్ని అతను మొదట్లో గుమ్మానికి కట్టి ఉంచాడు. పిల్ల గుమ్మం దిగగానే, సమయం కోసం ఆగి ఉన్న ఆ ఆదేశం కూడా రద్దయిపోతోంది. ఇప్పుడు దాన్ని అక్కణ్ణుంచి విప్పి ఇంటికి కట్టాడు. ఇక పిల్ల ఎటు తిరిగినా ఫరవాలేదు.

మళ్ళీ తలుపు కొట్టించాడు.

"వచ్చావా తల్లీ! ఉండు, వస్తున్నా."

తేనెలాంటి గొంతు. తలుపు తెరుచుకుంది.

మేనేజర్ కళ్ళొత్తుకుంది. "అమ్మకి ఇంకా మాటలు రాయిద్దాం. ఈ గొంతు ఎవరిదో కనుక్కుని రికార్డింగ్‌కి పిలువు."

మర్నాడు మధ్యాహ్నం అతను హుషారుగా ఫోన్ చేశాడు. ఆ గొంతిచ్చినావిడ భర్త ఎత్తాడు.

"ఇంకెక్కడి మాటలు బాబూ! పొద్దున ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు."

"అయ్యో... మాకు తెలియదండీ. ఒక్కమాట ముందు చెప్పాల్సింది."

"చెబుదామనే నిన్న శాలువా చుట్టుకుని మీ దగ్గరికే వచ్చింది, తన పాత గొంతు ఒక్కసారి వినిపించమని అడగడానికి, మీరు పాపం పనిలో ఉన్నారట."